బడి ఈడు: కల్లూరు సీమలో ఐదో ఏటికీ ఆరో ఏటికీ మధ్య

కర్నూలును ఆనుకుని హంద్రీ ఒడ్డున ఉన్న కల్లూరులో ఇప్పుడు మూడేళ్ల పిల్లలు యూనిఫాం వేసుకుని నర్సరీకి పోతున్నారు. అదే మండలంలోని మెట్ట పల్లెల్లో రెండు తరాల కిందట ఎనిమిదేళ్లు వచ్చినా బడి గడప తొక్కని పిల్లలు ఇంటింటా ఉండేవారు. అంతకు ముందు, తిన్నెల మీద ఐవార్లు చదువు చెప్పిన రోజుల్లో, ఐదో ఏట అక్షరం దిద్దించడం కలిగినవారి ఇళ్లలో ఆచారం. పిల్లవాణ్ణి ఈ ఏడు బడిలో వేయాలా, ఇంకో ఏడాది ఆగాలా అన్న ప్రశ్న ఈ సీమకు కొత్త కాదు. ఆగడానికి చెప్పే కారణాలు, ఆగితే జరిగే నష్టం మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి.

పాత లెక్క అక్షరాభ్యాసంతో మొదలవుతుంది. సంప్రదాయం ప్రకారం దానికి ఐదో ఏడు తగిన కాలం. ఉత్తరాయణం మంచిది. వసంత పంచమి, విజయదశమి ఇంకా మంచివి. పళ్లెంలో పోసిన బియ్యం మీద పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తారు. నల్లమలలో శివపురం దగ్గరున్న కొలనుభారతి ఆలయానికి కర్నూలు, నంద్యాల ప్రాంతాల తల్లిదండ్రులు వసంత పంచమి నాడు పిల్లలను తీసుకుపోవడం నేటికీ ఉంది. స్తోమత ఉన్నవారు గోదావరి ఒడ్డున బాసర దాకా పోతారు. ఒకప్పుడు నవాబుల ఏలుబడిలో ఉన్న కర్నూలులో ముస్లిం కుటుంబాలకూ ఇలాంటి లెక్కే ఉంది: నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా వేడుక. రాజమండ్రి కలెక్టరు 1820లలో పంపిన నివేదికలో హిందూ పిల్లలకు ఐదో ఏడు, ఐదో నెల, ఐదో రోజు శుభమని రాశాడు. ఒకరిది నాలుగుల వరస, ఒకరిది ఐదుల వరస. రెండూ పిల్లవాడి తెలివిని పరీక్షించి పెట్టినవి కావు. గుర్తుంచుకోవడానికి వీలుగా, ఇంటిల్లిపాదీ ఒప్పుకునేలా పెట్టుకున్న గడువులు.

ఆ గడువు ఖచ్చితంగా సాగేదా అంటే లేదు. మూఢం వచ్చినా, అధికమాసం పడినా, ఇంట్లో మైల ఉన్నా ముహూర్తం తప్పేది. తప్పితే మరో వసంత పంచమి దాకా ఆగేవారు. అంటే పిల్లవాడి చదువు ఏడాది వెనక్కి జరగడానికి పంచాంగమే చాలు. దాన్ని ఎవరూ తప్పుగా చూడలేదు, నష్టంగా లెక్కపెట్టలేదు. ఎందుకు లెక్కపెట్టలేదో తెలియాలంటే ఆనాటి బడి ఎలా నడిచేదో చూడాలి.

దాన్ని చూడటానికి ఒక మంచి ఆధారం ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్‌లో ప్రెసిడెన్సీ అంతటా దేశీయ విద్య ఎలా ఉందో లెక్కలు తీయమని ఆదేశించాడు. ఎన్ని బడులు, ఎంతమంది పిల్లలు, ఏ కులాల వారు, ఎన్నేళ్లు చదువుతారు, ఐవార్లకు ఎంత ముడుతుంది అని కలెక్టర్లు రాసి పంపాలి. 1800లో నిజాం దగ్గర నుంచి కంపెనీకి దక్కిన దత్తమండలాలకు మన్రో తొలి ప్రిన్సిపల్ కలెక్టరు. ఈ నేల అతడికి ఏడేళ్ల పాటు తిరిగిన నేల. అయితే కల్లూరు ఈ లెక్కలోకి రాలేదు. కర్నూలు అప్పటికి నవాబు చేతిలో ఉంది. 1839లో గులాం రసూల్ ఖాన్‌ను పదవి నుంచి దించాకే అది కంపెనీ పాలనలోకి వచ్చింది, 1858లో జిల్లా అయింది. కాబట్టి కల్లూరు బడుల గురించి ఆ నివేదికల్లో నేరుగా ఏమీ లేదు. కానీ దానికి రెండు పక్కలా ఉన్న జిల్లాలు, అంటే పడమటి వైపు బళ్లారి, దక్షిణాన కడప, రెండూ జవాబిచ్చాయి. నేటి కర్నూలు జిల్లాలోని ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాలు అప్పట్లో బళ్లారి కిందే ఉండేవి. హంద్రీకి ఆ పక్క ఊళ్లకూ ఈ పక్క ఊళ్లకూ వాన ఒకటే, పంట ఒకటే. చదువు తీరులో పెద్ద తేడా ఉండి ఉంటుందని అనుకోవడానికి కారణం లేదు.

బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు బాగా తెలిసినవాడు. 1816లో తెలుగు వ్యాకరణం, తర్వాత నిఘంటువు అచ్చు వేశాడు. అందుకే 1823 ఆగస్టులో అతడు పంపిన జవాబు మిగతా కలెక్టర్ల జవాబుల్లా అంకెల పట్టిక మాత్రమే కాదు. పిల్లవాడికి ఐదేళ్లు రాగానే ఐవారినీ బడి పిల్లలనూ ఇంటికి పిలుస్తారు. వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ కూర్చుంటారు. కొత్త పిల్లవాణ్ణి బొమ్మకు ఎదురుగా కూర్చోబెట్టి, ఐవారు పక్కన కూర్చుని, ధూపం వేసి, వినాయకుణ్ణి తెలివి ఇమ్మని అడిగే మాటలు పలికిస్తాడు. బియ్యంలో వేలితో రాయిస్తాడు. తల్లిదండ్రులు శక్తి కొద్దీ ఇచ్చింది పుచ్చుకుని వెళ్తాడు. మర్నాడు పొద్దున పిల్లవాడు బడికి పోతాడు. ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఇప్పటిలా బడులు తెరిచే జూన్ పన్నెండు లేదు, విద్యా సంవత్సరం లేదు. ముహూర్తం ఏ నెలలో పడితే ఆ మర్నాడే చదువు మొదలు.

బడిలో ముందు ఇసుకలో వేలితో అక్షరాలు. పలకడం కన్నా ముందు రాయడం. చెయ్యి తిరిగాక తాటాకు మీద గంటం, లేదా కాగితం మీద కలం. ఈ జిల్లాల్లో ఎక్కువగా వాడింది మసి పూసిన చెక్క పలక, గంజి పెట్టి మడతలు వేసి నల్లపూత పూసిన గుడ్డ కడితం, రెంటి మీదా రాయడానికి బలపం. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ రాసుకోవచ్చు. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వెనక వచ్చినకొద్దీ పెరుగుతుంది. కాస్త చదివిన పిల్లలు కొత్త పిల్లలకు చెప్పేవారు. మద్రాసులో ఇలాంటి బోధనను చూసిన ఆండ్రూ బెల్ దాన్ని ఇంగ్లండుకు తీసుకుపోయి అక్కడ పేద పిల్లల బడుల్లో పెట్టించిన సంగతి అందరికీ తెలిసిందే. క్యాంప్‌బెల్ కూడా తన నివేదికలో ఈ పద్ధతి పొదుపును మెచ్చుకున్నాడు.

ఈ బడిలో వయసును బట్టి కట్టిన తరగతులు లేవు అన్నదే ఇక్కడ ముఖ్యమైన విషయం. ఐదేళ్లవాడు, ఎనిమిదేళ్లవాడు ఒకే తిన్నె మీద ఒకే ఇసుకలో దిద్దేవారు. ఒకడికి గుణింతాలు మూడు నెలల్లో రావచ్చు, ఇంకొకడికి ఏడాది పట్టవచ్చు. వెనకబడటానికి ఏడాది వారీ వరస ఏదీ లేదు, తప్పడానికి సంవత్సర పరీక్ష లేదు. అందువల్ల ఏడాది ఆలస్యంగా వచ్చిన పిల్లవాడికి ఆ ఏడాది మాత్రమే పోయేది. పేరు పోయేది కాదు. నేటి తల్లిదండ్రులను వేధించే ప్రశ్నలో సగం పదును ఈ ఒక్క తేడా వల్ల వచ్చిందే.

ఇదంతా విని వీధిబడిని స్వర్గంలా ఊహించుకోవడం కొందరికి అలవాటు. అది నిజం కాదని అవే నివేదికలు చెబుతాయి. కడప కలెక్టరు బ్రాహ్మణ పిల్లలు ఐదారేళ్లకు, శూద్ర పిల్లలు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య బడిలో చేరతారని రాశాడు. చదివేది రెండేళ్లేనని కూడా రాశాడు. ఐదో ఏటి ఆచారం అందరిదీ కాదన్నమాట. పుస్తకం వృత్తిగా ఉన్న ఇళ్లలో ఐదు. చేను, మగ్గం, అంగడి ఉన్న ఇళ్లలో మూడేళ్ల దాకా ఆలస్యం. పంచముల పిల్లల్లో చాలామందికి తిన్నె మీద చోటే లేదు కాబట్టి వాళ్ల విషయంలో ఏ వయసన్న ప్రశ్నే పుట్టలేదు. కడపలోనే, పేద బ్రాహ్మణ కుర్రవాళ్లు పది నుంచి పదహారేళ్ల మధ్య ఇల్లు వదిలి, డబ్బు తీసుకోకుండా చదువు చెప్పే పండితుడి ఊరు వెతుక్కుంటూ పోయేవారని కలెక్టరు మెచ్చుకోలుగా రాశాడు. మొదలు ఆలస్యమైనా చదువు ఆగని దారి ఒకటి ఉండేది. అదీ కొందరికే.

బళ్లారి జిల్లా అంకెలు ఇంకా కఠినంగా ఉన్నాయి. 9,27,857 జనాభాకు 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. వెయ్యి మందికి ఏడుగురు. బడుల్లో 235 కన్నడానివి, 226 తెలుగువి, మిగతావి మరాఠీ, సంస్కృతం, పారసీ వగైరా. ఆడపిల్లలు మొత్తం 60 మంది. పూర్వం బడులున్న ఊళ్లలో ఇప్పుడు లేవని, పెద్ద బడులున్న చోట కలవారి పిల్లలు కొద్దిమందే మిగిలారని క్యాంప్‌బెల్ రాశాడు. కారణం కూడా దాచలేదు. ఇంగ్లండు బట్ట వచ్చి ఇక్కడి నేత దెబ్బతిన్నది, దేశం పేదదైంది, లేత చేతులు చిన్న పనికి అక్కరకు వచ్చిన వెంటనే తల్లిదండ్రులు పిల్లలను పనిలో పెట్టుకోక తప్పడం లేదు. కంపెనీ కలెక్టరు కంపెనీకే రాసిన మాట ఇది. పిల్లవాడి చదువు వాయిదా పడటం అతడి దృష్టిలో తల్లిదండ్రుల నిర్ణయం కానే కాదు.

మన్రో 1826 మార్చిలో అన్ని జిల్లాల లెక్కలు కూడి ఒక అధికారిక పత్రం (మినిట్) రాశాడు. బడి ఈడు అంటే ఐదు నుంచి పదేళ్లు అని పెట్టుకుని, ఆ ఈడు మగపిల్లలు ప్రెసిడెన్సీలో 7,13,000 మంది ఉంటారని, బడిలో ఉన్నది 1,84,110 మందేనని తేల్చాడు. ఇళ్లలో చదివేవారిని కలుపుకుంటే మూడో వంతుకు దగ్గర కావచ్చని ఊహించాడు. తాలూకా తాలూకాకు తాసీల్దారీ బడులు పెట్టాలని ప్రతిపాదించాడు. మరుసటి ఏడు జూలైలో దత్తమండలాల పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆ బడులు కొన్నేళ్లు నడిచి, 1836 నాటికి మూతపడ్డాయి.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో బడి మారింది. ప్రభుత్వ గ్రాంటు కావాలంటే తరగతులు, హాజరు పట్టీ, తనిఖీ, పరీక్ష ఉండాలి. తిన్నె మీది బడులు కొన్ని గ్రాంటు బడులయ్యాయి, ఎన్నో కనుమరుగయ్యాయి. అదే కాలంలో 1876-78 కరువు ఈ సీమను తుడిచిపెట్టింది. 1871లో తొమ్మిది లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనాభా 1881కి ఏడు లక్షల లోపుకు పడిపోయింది. బతికిన పిల్లలకు గంజి దొరికిన చోటే బడి. ఆ పదేళ్లలో పుట్టిన తరానికి బడి ఈడు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో చెప్పే పట్టీలే ఉండవు.

హాజరు పట్టీతో పాటు పుట్టిన తేదీ అన్న కొత్త వస్తువు వచ్చింది. పల్లెల్లో పుట్టుక కరువు ఏటిదో, పెద్ద గాలివాన ఏటిదో, పీర్ల పండగ ముందో వెనకో అని గుర్తుండేది గానీ తేదీగా ఉండేది కాదు. పంతులు పట్టీలో ఒక తేదీ రాయక తప్పదు. అందుకని పిల్లవాణ్ణి చూసి, ఐదేళ్లు వెనక్కి లెక్కపెట్టి, జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేవాడు. రాయలసీమలో పాత తరం వాళ్ల సర్టిఫికెట్లలో జూన్, జూలై పుట్టినరోజులు అంత ఎక్కువగా కనిపించడానికి కారణం పుట్టుకలు కాదు, బడి చేర్పులు. వయసు పరీక్ష కూడా ఒకటి ఉండేది. కుడి చెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమంటారు. అందితే బడి ఈడు వచ్చినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మంటారు. ఇది ఉత్త మొరటు లెక్క కాదు. తలతో పోలిస్తే చేతుల పొడవు పెరిగి చెవి అందడం చాలామంది పిల్లల్లో ఆరో ఏటి చుట్టుపక్కల జరుగుతుంది. ఎదుగుదలను కొలిచేవారు ఇతర దేశాల్లోనూ ఈ పరీక్షను వాడారు. చిక్కు ఒక్కటే. తిండి చాలక ఎదుగుదల మందగించిన పిల్లవాడికి ఈడు వచ్చినా చెవి అందదు. కరువు సీమలో ఈ పరీక్ష పేదవాడి కొడుకునే ఎక్కువగా వెనక్కి పంపి ఉంటుంది.

తేదీ రాయడం తల్లిదండ్రుల చేతికి ఒక కొత్త ఆయుధాన్నీ ఇచ్చింది. ఉద్యోగ విరమణ బడి సర్టిఫికెట్‌లోని తేదీని బట్టే కాబట్టి, ఒకటి రెండేళ్లు తగ్గించి రాయిస్తే చివర్లో ఒకటి రెండేళ్ల జీతం కలిసొస్తుంది. నిజంగా ఆలస్యంగా చేర్చినవారు కొందరైతే, వేళకే చేర్చి వయసు తగ్గించి రాయించినవారు ఇంకొందరు. సర్వీసు చివర్లో తేదీ మార్చమని వచ్చే అర్జీలు పెరిగాక, ఒకసారి నమోదైన పుట్టిన తేదీని మార్చకుండా 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేకంగా నిబంధనలు చేయవలసి వచ్చింది. ఒకటో తరగతిలో పంతులు అంచనాగా వేసిన తేదీ యాభై ఏళ్ల తర్వాత కోర్టులో సాక్ష్యమయ్యే పరిస్థితి.

ఆడపిల్లల విషయం వేరుగా చూడాలి. బళ్లారి లెక్కలో 6,641 మందిలో 60 మంది అంటే నూటికి ఒకరు కూడా కాదు. వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టింది 1874లో. ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు పద్నాలుగేళ్లని చట్టం చేసింది 1929లో. ఎనిమిది తొమ్మిదేళ్లకే పెళ్లి చేసే ఇళ్లలో ఐదో ఏట బడిలో వేయడమా, ఏడో ఏట వేయడమా అన్న ఆలోచనకు చోటు తక్కువ. ఒక ఏడాది ఆగితే ఆ ఏడాది చదువు పోవడం కాదు, మొత్తం చదువే పోయేది. ఆ తర్వాత కూడా పల్లెల్లో ఆడపిల్లను ఆలస్యంగా చేర్చడానికి మామూలుగా చెప్పిన కారణం ఇంట్లో చంటిపిల్ల. తల్లి కూలికి పోతే తమ్ముణ్ణి చంకనెత్తుకోవడానికి ఏడేళ్ల అక్క ఇంట్లో ఉండాలి.

మెట్ట సేద్యపు పంచాంగానికీ బడి పంచాంగానికీ పొత్తు కుదరకపోవడం దీనికి తోడైంది. బడి తెరిచేది జూన్‌లో. వేరుశనగ, పత్తి విత్తడానికి ఎదురుచూసేదీ అప్పుడే. కలుపు కాలంలో, పత్తి తీసే కాలంలో చిన్న చేతులకు గిరాకీ. కర్నూలు, నంద్యాల చుట్టుపక్కల హైబ్రిడ్ పత్తి విత్తనం చేసే పొలాల్లో పువ్వు పువ్వుకూ పుప్పొడి అంటించే పనికి ఆడపిల్లలను పెట్టుకోవడం 1990ల నుంచి ఒక పెద్ద సమస్యగా బయటికి వచ్చింది. జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు పోతాయి. పిల్లలనూ తీసుకుపోతారు. అలాంటి ఇంట్లో ఈ ఏడు కాదు, వచ్చే ఏడు చేర్పిద్దాం అన్న మాట పిల్లవాడి మంచి కోసం తీసుకున్న నిర్ణయంలా వినిపించినా దాని వెనక ఉన్నది వాన. 1996లో ఉమ్మడి రాష్ట్రంలో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మొదలుపెట్టిన తొలి జిల్లాల్లో కర్నూలు ఒకటి కావడానికి ఈ వెనకబాటే కారణం. 2011 జనాభా లెక్కల్లో కూడా కర్నూలు జిల్లా అక్షరాస్యత నూటికి అరవై దగ్గరే ఆగింది. ఉమ్మడి రాష్ట్ర సగటు అరవై ఏడు.

ఇదే కాలంలో, ఇదే జిల్లాలో, పట్టణం వైపు గడియారం ఎదురు దిశలో తిరిగింది. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన నాటి నుంచి చిన్నపిల్లల బడి అన్న ఆలోచన దక్షిణాదిన పాకింది. ఆమె చెప్పింది పిల్లవాడు తన వేగాన తాను చేతులతో నేర్చుకోవడం. తెలుగు పట్టణాల్లో చివరికి వేళ్లూనింది మాత్రం మూడేళ్లకు నర్సరీ, నాలుగేళ్లకు ఎల్‌కేజీ, ఐదేళ్లకు యూకేజీ, రోజూ హోంవర్కు. ఆమె పేరు పెట్టుకున్న బడుల్లోనూ చాలావాటిలో జరిగింది అదే. కర్నూలు పెరిగి కల్లూరును తనలో కలుపుకున్నాక ఈ బడులు అక్కడికీ వచ్చాయి. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో కడప, అనంతపురం జిల్లాలు ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రైవేటు బడికి పోయేవారు 2002లో నాలుగో వంతు లోపు ఉంటే, 2009 నాటికి నూటికి నలభై దాటారని అది తేల్చింది. ప్రైవేటు బడి అంటే ఒకటో తరగతి కన్నా ముందే రెండు మూడేళ్ల బడి. 

బిడ్డకు ఇంకా ఈడు రాలేదేమో, ఏడాది ఆపుదామా అన్న నేటి సందేహం ఈ కొత్త వరుసలోంచి పుట్టింది. ముందు తరాల్లో లేని వర్గం ఒకటి ఇప్పుడు ఉంది: ఆపగల స్తోమత ఉన్న తల్లిదండ్రులు. మే నెలలో పుట్టిన బిడ్డ అదే తరగతిలోని జూన్ బిడ్డ కన్నా పదకొండు నెలలు చిన్న. ఐదేళ్ల వయసులో పదకొండు నెలలంటే బతికిన కాలంలో ఐదో వంతుకు దగ్గర. పెన్సిలు పట్టు, కుదురుగా కూర్చోవడం, మాట అర్థం చేసుకోవడం అన్నింటిలో ఆ తేడా కనిపిస్తుంది. దీన్ని కొలిచిన వాటిలో ఎక్కువగా చెప్పుకునేది బెడార్డ్, డ్యుయీ అనే ఆర్థికవేత్తలు 2006లో అచ్చు వేసిన పరిశోధన. అనేక దేశాల గణితం, విజ్ఞానశాస్త్రం మార్కులు చూస్తే, తరగతిలో అందరికన్నా చిన్నపిల్లలు నాలుగో తరగతిలో వెనకబడి ఉన్నారని, ఎనిమిదో తరగతికి తేడా తగ్గినా పూర్తిగా పోలేదని వాళ్లు చూపారు. తర్వాత నార్వేలో జరిగిన పెద్ద అధ్యయనంలో మాత్రం ఆలస్యంగా చేరినందువల్ల పెద్దయ్యాక లాభం దాదాపు ఏమీ కనిపించలేదు. రెండూ సంపన్న దేశాల మాటలు. అక్కడ ఆగిన ఏడాదిలో పిల్లవాడి చేతిలో బొమ్మల పుస్తకం ఉంటుంది. కల్లూరు మండలపు మెట్ట ఊళ్లో కూలి ఇంట్లో ఆగిన ఏడాది అలా ఉండదు. ఒకే మాట ఇద్దరికీ వర్తించదన్నది ఈ చర్చల్లో తరచూ మరుగున పడుతుంది. బిడ్డకు రోజూ కథ చెప్పే అవ్వ, ఆడుకునే జతగాళ్లు, పక్కనే మంచి అంగన్‌వాడీ ఉంటే ఏడాది ఆగడం వల్ల వచ్చే నష్టం తక్కువ. అవి లేనిచోట ఆ ఏడాది బడికే చెందాలి.

ఏ వయసు సరైనదో దేశాలు కూడా ఒక్క మాట మీద లేవు. ఇంగ్లండులో 1870 చట్టం ఐదేళ్లు పెట్టింది. త్వరగా మొదలుపెడితే త్వరగా ముగించి ఫ్యాక్టరీ పనికి పంపవచ్చన్న లెక్క కూడా అందులో ఉంది. ఫిన్లాండులో ఏడేళ్లు. తెలుగు రాష్ట్రాల్లో చాలాకాలంగా ఒకటో తరగతికి ఐదేళ్లు నిండితే చాలు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా పెట్టి, ఒకటో తరగతి ఆరేళ్లకు అంది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం ఆరేళ్ల నియమం పాటించమని రాష్ట్రాలకు రాసింది. ఐదేళ్ల అలవాటు మీద నడిచిన రాష్ట్రాలకు దీన్ని ఒక్కసారిగా అమలు చేయడం తేలిక కాదు. మార్చిన ఏడు ఒకటో తరగతి బెంచీలు చాలావరకు ఖాళీ అవుతాయి, ఇప్పటికే యూకేజీ ముగించిన పిల్లలు మరో ఏడాది అక్కడే కూర్చోవాలి.

వయసు లెక్క పోటీ చదువుల్లోకీ పోయింది. బనవాసి నవోదయలో ఆరో తరగతికి, కలికిరి సైనిక్ స్కూలుకు పుట్టిన తేదీకి గట్టి హద్దులు ఉన్నాయి. సైనిక్ స్కూలు ఆరో తరగతికి పది నిండి పన్నెండు దాటకూడదు. ఐదేళ్లు నిండకముందే ఒకటో తరగతిలో వేసి తొందరపెట్టిన బిడ్డ ఐదో తరగతి ముగిసేసరికి వయసు చాలక ఆగవలసి రావచ్చు. రెండేళ్లు ఆలస్యంగా చేరిన బిడ్డకు హద్దు దాటిపోవచ్చు. వేళకు చేర్చడానికి డబ్బు లెక్క కూడా ఉంది: 2020 జనవరిలో మొదలైన ప్రభుత్వ పథకం అమ్మ ఒడి ఒకటో తరగతి నుంచే తల్లి ఖాతాలో డబ్బు వేసింది, 2025లో దాని చోట వచ్చిన తల్లికి వందనమూ అంతే. బిడ్డను వేళకు ఒకటో తరగతిలో చేర్చడానికి పేద ఇంట్లో ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. ఒకప్పుడు బిడ్డను చేనికి లాగింది కూడా డబ్బే.

చట్టం విషయానికి వస్తే, రాజ్యాంగం మొదట పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ పదేళ్లలో నిర్బంధ విద్య ఇవ్వాలని ఆశించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద నడిచిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఆ చదువును ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2002 రాజ్యాంగ సవరణ ఆ హక్కును ఆరు నుంచి పద్నాలుగేళ్లకు కుదించి, ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణను ఆదేశిక సూత్రంగా మిగిల్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం పుట్టిన తేదీ కాగితం లేదని ఏ బడీ బిడ్డను వెనక్కి పంపకూడదు, చేర్పు పరీక్ష పెట్టకూడదు, ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదు. ఆరేళ్లు దాటినా బడిలో చేరని బిడ్డను ఒకటో తరగతిలో కాక వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివారిని అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా ఉచితంగా చదివించాలి.